అభిమానుల పునఃకూర్పులు – పాఠపరిష్కరణ దృష్టి: ‘సూపర్‌మ్యాన్ 2’ ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విడుదలైన సినిమాను ప్రేక్షకులే తిరిగి కూర్చి మరొక రూపంలో నిలబెట్టే ప్రయత్నాలు గత పాతికేళ్లలో పెరిగాయి. వీటిని చిలిపి చేష్టగానో, హక్కుల ఉల్లంఘనగానో చూసి వదిలేయడం పరిపాటి. ‘సూపర్‌మ్యాన్ 2’ (1980) చరిత్రను ఆధారంగా తీసుకొని, ఈ పునఃకూర్పులను పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక చిత్రానికి అనేక పాఠాలు ఎలా ఏర్పడతాయి, వాటిలో ‘ప్రామాణికం’ అన్న గౌరవం దేనికి దక్కాలి, కర్త ఉద్దేశాన్ని ఎలా నిర్ణయించాలి అన్న ప్రశ్నలు తాళపత్ర ప్రతులతో పనిచేసిన పరిష్కర్తలకు కొత్తవి కావు. తెలుగు సినిమాపై పరిశోధించేవారు తాము చదువుతున్న ‘పాఠం’ ఏదో ముందుగా నిర్ధారించుకోవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునఃకూర్పు, పాఠాంతరం, పాఠపరిష్కరణ, కర్తృత్వం, అభిమాన సంస్కృతి, సూపర్‌మ్యాన్.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా పేర్లపట్టికలో ఎడిటర్ పేరుకు ముందు చాలాకాలం కనిపించిన మాట ‘కూర్పు’. ఈ మాటకు సాహిత్యంలోనూ చోటుంది. పుస్తకం మలిముద్రణను ‘రెండవ కూర్పు’ అంటాం. చెదిరిన రచనలను ఒకచోట చేర్చినవారిని ‘కూర్పరి’ అంటాం. ఒకే మాట రెండు రంగాల్లో నిలవడానికి కారణం ఉంది. ముక్కలుగా లభించినదాన్ని ఒక క్రమంలో పెట్టి అర్థం పుట్టించడం రెండుచోట్లా జరిగే పనే.

రచన పాఠకుడి చేతికి వచ్చాక దానిపై అధికారం ఎవరిదన్న చర్చ సాహిత్య విమర్శలో పాతదే. రోలా బార్త్ 1967లో రచయిత మరణాన్ని ప్రకటించాడు. హెన్రీ జెన్కిన్స్ 1992లో వెలువరించిన ‘టెక్స్‌చువల్ పోచర్స్’ గ్రంథం, టెలివిజన్ ధారావాహికల అభిమానులు తమకు అందిన కథలను తమ అవసరాలకు తగినట్లు తిరిగి రాసుకొనే తీరును వివరించింది. అయితే ఆ చర్చలలో పాఠకుడు ప్రధానంగా అర్థాన్ని మారుస్తాడు, లేదా పక్కన మరొక రచన చేస్తాడు. పునఃకూర్పులో ప్రేక్షకుడు నేరుగా మూలం మీదే కత్తెర పెడతాడు. కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడానికి పాఠక ప్రతిస్పందన సిద్ధాంతం ఒక్కటే చాలదు. పాఠం అనే వస్తువు ఎలా ఏర్పడుతుందో చెప్పే శాస్త్రం కావాలి. అది పాఠపరిష్కరణ శాస్త్రం.

2. పునఃకూర్పు – స్వరూపం, రకాలు

విడుదలైన చిత్రంలోని దృశ్యాలను తొలగించి, చేర్చి, క్రమం మార్చి, శబ్దాన్ని సవరించి అభిమానులు తయారుచేసే రూపాన్ని ఈ వ్యాసంలో ‘అభిమాన పునఃకూర్పు’ అని వ్యవహరిస్తున్నాను. ప్రయోజనాన్ని బట్టి వీటిని మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది సంక్షేపం. అనవసరమని తోచిన భాగాలను తొలగించి కథను బిగించడం దీని లక్షణం. 1999లో వచ్చిన ‘స్టార్ వార్స్’ తొలి భాగాన్ని కుదించి చేసిన ‘ఫాంటమ్ ఎడిట్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 2001 నాటికి అది చేతులు మారుతూ ప్రచారంలోకి వచ్చి, పునఃకూర్పు అనే ప్రక్రియను పత్రికల దృష్టికి తెచ్చింది. రెండవది పునరుద్ధరణ. ఒకప్పుడు చిత్రీకరించి, విడుదల ప్రతిలో వదిలేసిన దృశ్యాలను సేకరించి వాటి స్థానంలో నిలపడం దీని పని. మూడవది మేళనం. రెండు మూడు అధికారిక రూపాల్లోని భాగాలను కలిపి, అంతకుముందు ఎక్కడా లేని ఒక రూపాన్ని నిర్మించడం.

మొదటి రకంలో అభిమాని విమర్శకుడు, రెండవదానిలో పరిష్కర్త, మూడవదానిలో దాదాపు సహకర్త. ఈ మూడింటినీ ఒకే చోట పరిశీలించడానికి వీలిచ్చే చిత్రం ‘సూపర్‌మ్యాన్ 2’.

3. రెండు చేతుల రచన

సూపర్‌మ్యాన్ పాత్ర పుట్టుకలోనే కర్తృత్వ సమస్య ఉంది. జెర్రీ సీగల్, జో షూస్టర్ అనే యువకులు సృష్టించిన ఈ పాత్ర 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికతో వెలుగులోకి వచ్చింది. హక్కులకు ప్రతిఫలంగా వారికి ముట్టింది 130 డాలర్లు. సృష్టికర్తలుగా వారి పేర్లు తిరిగి ప్రకటించడానికి, వారికి పింఛను ఇవ్వడానికి హక్కుదారు సంస్థ ఒప్పుకొన్నది 1975లో. 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ చిత్రం ఆ నేపథ్యంలో రూపొందింది.

నిర్మాతలు అలెగ్జాండర్ సాల్కిండ్, ఇల్యా సాల్కిండ్, పియెర్ స్పెంగ్లర్ మొదటి, రెండవ భాగాలను ఏకకాలంలో తీయాలని నిశ్చయించి రిచర్డ్ డానర్‌ను దర్శకుడిగా ఎంచుకొన్నారు. 1977లో ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో చిత్రీకరణ ఆరంభమైంది. ఖర్చు పెరిగింది, గడువు దాటింది, దర్శకుడికీ నిర్మాతలకూ మధ్య మాటలు తగ్గాయి. చివరికి రెండవ భాగాన్ని పక్కనపెట్టి మొదటి భాగాన్ని పూర్తిచేయాలని నిర్ణయించారు. అప్పటికే రెండవ భాగంలో దాదాపు నాలుగింట మూడు వంతులు డానర్ తీశాడని సాధారణంగా చెబుతారు. 1978 డిసెంబరులో విడుదలైన మొదటి భాగం ఘనవిజయం సాధించింది. అయినా 1979లో డానర్‌ను తొలగించి రెండవ భాగాన్ని రిచర్డ్ లెస్టర్‌కు అప్పగించారు.

లెస్టర్ సామాన్యుడు కాదు. బీటిల్స్ బృందంతో 1964లో తీసిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ అతని చురుకైన హాస్యశైలికి గుర్తింపు తెచ్చింది. ఇదే నిర్మాతలకు అంతకుముందు ‘ది త్రీ మస్కిటీర్స్’ తీసిపెట్టాడు. అయితే తెరమీద దర్శకుడిగా పేరు పడాలంటే చిత్రంలో గణనీయమైన భాగాన్ని అతడే తీసి ఉండాలి. అందువల్ల డానర్ తీసిన దృశ్యాలు కొన్ని సిద్ధంగా ఉన్నా, వాటి బదులు కొత్తవి రాసి మళ్లీ చిత్రీకరించారు.

దీనికితోడు బృందమూ మారింది. ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్ 1978లోనూ, కళాదర్శకుడు జాన్ బ్యారీ 1979లోనూ మరణించారు. సంగీతదర్శకుడు జాన్ విలియమ్స్, ఎడిటర్ స్టూవర్ట్ బెయర్డ్ రెండవ భాగానికి పనిచేయలేదు. ప్రతినాయకుడు లెక్స్ లూథర్‌గా నటించిన జీన్ హ్యాక్‌మన్ కొత్త చిత్రీకరణకు రాలేదు; అతని దృశ్యాలన్నీ డానర్ కాలంలో తీసినవే. అవసరమైనచోట అతనిని పోలిన మనిషిని, అనుకరించిన గొంతును వాడుకొన్నారు. నాయకుడి తండ్రి జోర్-ఎల్‌గా నటించిన మార్లన్ బ్రాండోకు లాభాల వాటా విషయంలో నిర్మాతలతో వివాదం రావడంతో, అతని దృశ్యాలను తొలగించి ఆ మాటలను తల్లి పాత్రధారిణి సుసానా యార్క్‌తో చెప్పించారు.

ఈ విధంగా 1980 డిసెంబరులో ఆస్ట్రేలియాలో, 1981 జూన్‌లో అమెరికాలో విడుదలైన 127 నిమిషాల చిత్రం రెండు చేతుల రచన. నాయకుడు క్రిస్టొఫర్ రీవ్ శరీరంలో, నాయిక మార్గట్ కిడ్డర్ కేశాలంకరణలో దృశ్యానికీ దృశ్యానికీ కనిపించే తేడాలు ఈ విషయానికి చిత్రంలోనే మిగిలిన అంతస్సాక్ష్యాలు. ఒక కావ్యంలో శైలి మారిన చోటును బట్టి రెండవ కవి చేతిని గుర్తించినట్లే, నిశితంగా చూసే అభిమానులు ఈ తేడాలను బట్టి ఏ దృశ్యం ఎవరిదో గుర్తించసాగారు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి అరణ్యపర్వం జ్ఞాపకం రాకమానదు. నన్నయ వదిలిన చోట అందుకొన్న ఎఱ్ఱన, ఆ శేషాన్ని నన్నయ రచనే అనిపించేలా నడిపి, కృతిని రాజరాజనరేంద్రుడికే సమర్పించాడు. తన పేరు చివర మాత్రమే చెప్పుకొన్నాడు. పూర్వకవి రాసినదానిలో ఒక్క పద్యం తీసివేసి తనది పెట్టవలసిన అవసరం అతనికి రాలేదు. లెస్టర్‌కు ఆ అవసరం వచ్చింది. దీన్ని వ్యక్తుల గుణదోషాలుగా కంటే వ్యవస్థల భేదంగా చూడడం సమంజసం. ఎఱ్ఱన పనిచేసిన సంప్రదాయంలో పూరణకు గౌరవం ఉంది. లెస్టర్ పనిచేసిన పరిశ్రమలో పేరు పడాలంటే పునర్నిర్మాణం తప్పలేదు.

4. టెలివిజన్ పాఠాలు – అభిమానుల ప్రతి

తొలగించిన దృశ్యాలు ఉన్నాయని ప్రేక్షకులకు ఎలా తెలిసింది? జవాబు టెలివిజన్ ప్రసారాల్లో ఉంది. మొదటి భాగాన్ని 1982లో అమెరికాలోని ఏబీసీ ఛానల్ రెండు రాత్రులుగా ప్రసారం చేసినప్పుడు, థియేటర్ ప్రతిలో లేని ఎన్నో దృశ్యాలు చేరి దాని నిడివి 3 గంటలు దాటింది. 1984లో రెండవ భాగాన్ని ప్రసారం చేసినప్పుడూ అదనపు దృశ్యాలు కనిపించాయి. ధ్రువప్రాంతంలోని కోట బయట ముగ్గురు ప్రతినాయకులను గస్తీ సిబ్బంది అదుపులోకి తీసుకొనే దృశ్యం వాటిలో ఒకటి. ఈ ఒక్క దృశ్యం కథలో పెద్ద తేడా తెస్తుంది. థియేటర్ ప్రతిలో ఆ ముగ్గురూ అగాధంలో పడిపోతారు; ప్రాణహాని చేయని నాయకుడు వారిని చంపాడా అన్న అనుమానం మిగులుతుంది. టెలివిజన్ పాఠం ఆ అనుమానాన్ని తొలగిస్తుంది.

వేర్వేరు దేశాల ప్రసారాల్లో వేర్వేరు దృశ్యాలు ఉండేవి. ఒకచోట ఉన్నది మరొకచోట లేదు. ఇంట్లో వీడియో క్యాసెట్ల మీద రికార్డు చేసుకొన్నవారి వద్ద ఈ పాఠాలు నిలిచాయి. నాణ్యత తక్కువైనా, ఆ దృశ్యాలకు అందుబాటులో ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఈ శతాబ్దపు తొలి దశకం మధ్యలో కొందరు అభిమానులు దేశదేశాల ప్రసారప్రతులను సేకరించి, పోల్చి, ఒక వరుసలో కూర్చి ‘రిస్టోర్డ్ ఇంటర్నేషనల్ కట్’ పేరిట ఒక ప్రతిని తయారుచేశారు. హక్కుదారు సంస్థ వార్నర్ బ్రదర్స్ చట్టపరమైన చర్యలు తీసుకొంటామని హెచ్చరించింది.

ఈ ప్రతికి ఉన్న పరిమితి గమనార్హం. టెలివిజన్‌లో ఏనాడూ ప్రసారం కాని బ్రాండో దృశ్యాలు అభిమానుల చేతికి అందలేదు. అంటే వారు పునరుద్ధరించింది డానర్ ఊహించిన చిత్రాన్ని కాదు. లభ్యమైన సాక్ష్యాల మేరకు విస్తృతమైన ఒక పాఠాన్ని. ప్రతులలో ఉన్నదాన్ని దాటి ఊహించకపోవడం పరిష్కర్తకు గుణమే.

5. 2006 నాటి డానర్ పాఠం

కాలక్రమంలో పరిస్థితులు మారాయి. 2004లో బ్రాండో, రీవ్ ఇద్దరూ మరణించారు. 2006లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ చిత్రం కోసం బ్రాండో దృశ్యాలను వాడుకొనేందుకు అతని వారసులతో ఒప్పందం కుదిరింది. ఇంగ్లండ్‌లో భద్రపరచిన పాత ఫిల్మును వెలికితీశారు. అభిమానులు ఏళ్లతరబడి చేస్తున్న విజ్ఞప్తులకు బలం చేకూరింది. మైకేల్ థా కూర్పులో, డానర్ ఆమోదంతో, 116 నిమిషాల ‘రిచర్డ్ డానర్ కట్’ 2006 నవంబరులో డీవీడీగా విడుదలైంది. దాన్ని రీవ్ స్మృతికి అంకితం చేశారు.

థియేటర్ పాఠానికీ డానర్ పాఠానికీ ప్రధానమైన తేడాలు ఇవి.

ఆరంభం: థియేటర్ పాఠంలో పారిస్‌లోని ఐఫిల్ టవర్ వద్ద ఉగ్రవాదుల బాంబును నాయకుడు అంతరిక్షంలోకి విసురుతాడు, ఆ పేలుడుతో ప్రతినాయకుల చెర విడిపోతుంది. డానర్ పాఠంలో ఆ పని చేసేది మొదటి భాగం చివర నాయకుడు అంతరిక్షంలోకి మళ్లించిన క్షిపణి. దీనివల్ల రెండు భాగాలూ ఒకే కథగా ముడిపడతాయి. నాయకుడి మంచిపనే విపత్తుకు బీజమవుతుంది.

రహస్యభేదనం: నాయకుడి అసలు రూపం తెలుసుకోవడానికి లోయిస్ థియేటర్ పాఠంలో నయాగరా జలాల్లో దూకుతుంది, ఫలితం రాదు, తర్వాత క్లార్క్ చేయి నిప్పులో పడినా కాలకపోవడంతో నిజం బయటపడుతుంది. డానర్ పాఠంలో ఆమె మొదట పత్రికా కార్యాలయం కిటికీలోంచి దూకుతుంది. తర్వాత ఉత్తుత్తి గుండుతో క్లార్క్ మీద తుపాకీ పేల్చి, అతనిచేత నిజం చెప్పిస్తుంది.

శక్తుల పునఃప్రాప్తి: ప్రేమకోసం వదులుకొన్న శక్తులు నాయకుడికి తిరిగి ఎలా వచ్చాయో థియేటర్ పాఠం స్పష్టంగా చూపదు. డానర్ పాఠంలో తండ్రి తన మిగిలిన శక్తినంతటినీ కొడుకుకు ధారపోసి అంతర్ధానమవుతాడు. తండ్రీకొడుకులు ఒకరిలో ఒకరు కొనసాగుతారన్న మొదటి భాగంలోని భావన ఇక్కడ నెరవేరుతుంది.

హాస్యం: నగరంలో జరిగే పోరాటంలో లెస్టర్ చేర్చిన హాస్య ఖండికలను డానర్ పాఠం చాలావరకు తగ్గించింది.

ముగింపు: థియేటర్ పాఠంలో ఒక ముద్దుతో లోయిస్ జ్ఞాపకం చెరిగిపోతుంది. డానర్ పాఠంలో నాయకుడు భూమిచుట్టూ తిరిగి కాలాన్నే వెనక్కి మళ్లిస్తాడు.

ఈ పోలికలో డానర్ పాఠం కథనపరంగా బలమైనదని తోచడం సహజం. తండ్రి త్యాగం లేకపోతే కొడుకు తప్పుకు మూల్యం ఉండదు. థియేటర్ పాఠంలో కోల్పోయినది ఒక నటుడి దృశ్యాలు మాత్రమే కాదు. కథ నైతికభారం మోసే ఇరుసు.

6. కర్త ఉద్దేశం – ఏ నాటిది?

అయితే ‘డానర్ ఉద్దేశించిన రూపం ఇదే’ అన్న మాటను పరిశోధకుడు యథాతథంగా స్వీకరించలేడు. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది, తుపాకీ దృశ్యం. దాన్ని డానర్ చిత్రీకరించనే లేదు. రీవ్, కిడ్డర్‌లను పాత్రలకు పరీక్షించిన సందర్భంలో విడివిడిగా తీసిన ఫిల్మును కలిపి ఆ దృశ్యాన్ని నిర్మించారు. అందులో ఒక షాట్‌కూ మరో షాట్‌కూ రీవ్ జుట్టు, కళ్లద్దాలు మారిపోతాయి. ఇది పాఠపరిష్కరణ పరిభాషలో లుప్తభాగపూరణ. పరిష్కర్త తన పూరణను దాచకుండా వదిలేయడం ఇక్కడ నిజాయితీగానే కనిపిస్తుంది.

రెండవది, లెస్టర్ తీసిన భాగాలు. డానర్ తీయని సన్నివేశాలు కథకు అవసరమైన చోట లెస్టర్ దృశ్యాలనే వాడారు. కాబట్టి ‘డానర్ కట్’లో కూడా రెండు చేతులూ ఉన్నాయి.

మూడవది, అన్నింటికంటే చిక్కైనది, ముగింపు. కాలాన్ని వెనక్కి తిప్పడం మొదట రెండవ భాగానికి అనుకొన్న ముగింపు. మొదటి భాగం పూర్తిచేసే ఒత్తిడిలో దాన్ని మొదటి భాగానికి తరలించారు; రెండవ భాగానికి వేరే ముగింపు ఆలోచించుకోవచ్చన్నది అప్పటి ఏర్పాటు. డానర్‌ను తొలగించడంతో ఆ వేరే ముగింపు రూపుదిద్దుకోలేదు. 2006 పాఠం తొలి ఆలోచనకే తిరిగి వెళ్లింది. ఫలితంగా రెండు భాగాలూ ఒకే ముగింపుతో ముగుస్తాయి. మరొక చిక్కు కూడా వచ్చింది. శక్తులు లేని సమయంలో తనను కొట్టిన మోటు మనిషికి నాయకుడు చివర బుద్ధి చెప్పే దృశ్యం అలాగే ఉండిపోయింది. కాలం వెనక్కి మళ్లాక ఆ దెబ్బలాటే జరగలేదు కదా!

కర్త ఉద్దేశం 1977 నాటిదా, దాన్ని మార్చుకొన్న 1978 నాటిదా, ఆమోదముద్ర వేసిన 2006 నాటిదా? ఆంగ్ల పాఠపరిష్కరణలో డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ 1950లో ప్రతిపాదించిన సూత్రాల మీద, కర్త తుది ఉద్దేశాన్ని నిలబెట్టడమే పరిష్కర్త ధర్మమన్న దృక్పథం బలపడింది. జెరోమ్ మెక్‌గాన్ 1983లో దీన్ని ప్రశ్నిస్తూ, రచన ఒక్కడి మనసులో కాక ప్రచురణ వ్యవస్థలోని అనేకుల మధ్య రూపొందే సామాజిక వస్తువని వాదించాడు. సినిమా విషయంలో మెక్‌గాన్ వాదానికే బలం ఎక్కువ. ఏ తుది ఉద్దేశమూ నెరవేరని ‘సూపర్‌మ్యాన్ 2’ ఈ విషయాన్ని ప్రత్యేకంగా తేటతెల్లం చేస్తుంది.

2006 తర్వాత అభిమానులు ఆగిపోలేదన్నది ఆసక్తికరం. డానర్ పాఠంలోని తండ్రి దృశ్యాలను, లెస్టర్ పాఠంలోని ముగింపును కలిపి మేళన పునఃకూర్పులు చేశారు. ఏళ్లతరబడి కోరుకొన్న ‘కర్త పాఠం’ చేతికి వచ్చాక, దాన్నీ సవరించవలసిన మరొక పాఠంగానే చూశారు. వారిని కదిలించినది కర్త పట్ల విధేయత కంటే కథ పట్ల మమకారమని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఇటీవలి ‘జస్టిస్ లీగ్’ ఉదంతంతో దీన్ని పోల్చవచ్చు. 2017లో మరొకరి చేతుల మీదుగా పూర్తయిన ఆ చిత్రానికి, దర్శకుడు జాక్ స్నైడర్ రూపం కావాలని అభిమానులు ఉద్యమించారు. 2021 మార్చిలో 4 గంటల రూపం వెలువడింది. ఇక్కడ అభిమాని ప్రధానంగా అర్థించేవాడు. ‘సూపర్‌మ్యాన్ 2’ అభిమాని అర్థిస్తూనే ప్రతులు పోల్చి పని చేసి చూపినవాడు.

7. పాఠపరిష్కరణతో సామ్యభేదాలు

భారతీయ పాఠపరిష్కరణపై ఎస్. ఎం. కత్రే 1941లో వెలువరించిన గ్రంథం పరిష్కరణను నాలుగు దశలుగా వివరిస్తుంది: ప్రతుల సేకరణ, వాటి పరస్పర సంబంధ నిర్ణయం, పాఠ సవరణ, ఉన్నత విమర్శ. అభిమానుల ప్రతిని ఈ నాలుగు దశలతో పోల్చి చూడవచ్చు.

ప్రసారాలను దేశదేశాల నుంచి సేకరించడం మొదటి దశ. ఏ ప్రసారంలో ఏ దృశ్యం ఉంది, ఏది ఏ నిడివిలో ఉంది అని పోల్చడం రెండవ దశ. మసకబారిన బొమ్మకు బదులు మెరుగైన ప్రతిలోని బొమ్మను తీసుకోవడం, శబ్దం తెగినచోట అతకడం మూడవ దశ. ఏ దృశ్యం డానర్‌ది, ఏది లెస్టర్‌ది అని శరీరం, వేషం, వెలుగుల ఆధారంగా నిర్ణయించడం నాలుగవ దశ. పద్ధతిలో సామ్యం యాదృచ్ఛికం కాదు. ఒకే రచనకు ఒకదానితో ఒకటి పొసగని సాక్ష్యాలు లభించినప్పుడు, శ్రద్ధగలవారు ఎవరైనా ఇంచుమించు ఈ మెట్లే ఎక్కుతారు.

భేదాలూ ముఖ్యమే. సుక్తాంకర్ సారథ్యంలో సాగిన పుణె భాండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతిలో, ప్రధానపాఠం నుంచి తప్పించిన శ్లోకాలు సైతం అధోజ్ఞాపికలలో, అనుబంధాలలో నిలిచి ఉంటాయి. పరిష్కర్త నిర్ణయంతో విభేదించే పాఠకుడు వాటిని చూసి తన నిర్ణయం తాను చేసుకోగలడు. సినిమా కాలంలో నడిచే కళ. తెర కింద అధోజ్ఞాపికకు చోటు లేదు. ఆ లోటును తీర్చడానికి పునఃకూర్పరులలో బాధ్యత కలవారు తాము చేసిన మార్పులన్నింటినీ సమయసూచికలతో పట్టికగా ఇస్తారు. పట్టిక ఉన్న పునఃకూర్పును విమర్శనాత్మక పాఠంగా చర్చించవచ్చు. పట్టిక లేనిదాన్ని ప్రక్షిప్తాల పుట్టగానే చూడాలి.

8. హక్కుల ప్రశ్న

పునఃకూర్పు ఎంత శ్రద్ధతో చేసినా, అనుమతి లేకుండా పంచితే చట్టం దృష్టిలో నిలవడం కష్టం. అమెరికా చట్టంలోని న్యాయసమ్మత వినియోగ సూత్రం ప్రయోజనం, మూలరచన స్వభావం, వాడుకొన్న పరిమాణం, మార్కెట్‌పై ప్రభావం అన్న నాలుగు అంశాలను తూచమంటుంది. సినిమా దాదాపు మొత్తాన్ని వాడే పునఃకూర్పుకు మూడవ అంశమే అడ్డు.

భారతీయ చట్టంలో మరొక విశేషం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం, సవరణల తర్వాత, సినిమాకు ‘కర్త’ నిర్మాతేనని నిర్వచిస్తుంది. సాహిత్య విమర్శ దర్శకుడిని కర్తగా చూస్తుంది. చట్టం నిర్మాతను చూస్తుంది. అభిమాని కొన్నిసార్లు తారను చూస్తాడు. ‘సూపర్‌మ్యాన్ 2’లో డానర్‌కు జరిగినదానికి మూలం ఈ వ్యత్యాసంలోనే ఉంది. హక్కు ఉన్నవారు దర్శకుడిని మార్చగలిగారు. ఫిల్మును భద్రపరచిందీ, పాతికేళ్ల తర్వాత తిరిగి తెరిచిందీ ఆ హక్కు ఉన్నవారే. అభిమానుల శ్రమ ఆ తలుపును తట్టగలిగింది గానీ తెరవలేకపోయింది.

9. తెలుగు సినిమా పరిశోధనకు వర్తింపు

ఈ చర్చ మనకెందుకు? తెలుగు సినిమాపై మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంతగ్రంథాలు వస్తున్నాయి. కావ్యంపై పరిశోధించే విద్యార్థి తాను వాడిన ముద్రణ ఏదో, పరిష్కర్త ఎవరో తప్పక పేర్కొంటాడు. సినిమాపై పరిశోధించే విద్యార్థి చాలా సందర్భాల్లో చిత్రం పేరు, విడుదలైన సంవత్సరం రాసి ఊరుకొంటాడు. అతడు చూసినది థియేటర్ ప్రతియా, టెలివిజన్‌లో కత్తిరించి వేసినదా, అంతర్జాలంలో ఎవరో పెట్టిన కుదించిన రూపమా? విడుదలైన కొద్దిరోజులకే నిడివి తగ్గించడం, కొత్త దృశ్యాలు కలపడం మన పరిశ్రమలో తెలిసిన సంగతే. ఒక పాట లేని ప్రతిని చూసి ‘ఈ చిత్రంలో నాయికకు అంతరంగ ప్రకటన లేదు’ అని సూత్రీకరిస్తే, ఆ దోషం పరిశోధకుడిదే.

1957 నాటి ‘మాయాబజార్’ను రంగులద్ది 2010లో విడుదల చేశారు. నలుపు తెలుపుల్లో మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలతో కట్టిన దృశ్యానికీ, రంగులద్దిన దృశ్యానికీ ఛాయాగ్రహణ విశ్లేషణలో ఒకే వ్యాఖ్య చెల్లదు. కాబట్టి వాటిని రెండు పాఠాలుగానే పేర్కొనాలి.

భారతీయ చట్టం ప్రకారం సినిమా హక్కుల గడువు విడుదలైన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు. ఈ లెక్కన 1957లో విడుదలైన చిత్రాల గడువు 2017 ముగింపుతో తీరింది. తర్వాతి కాలంలో చేసిన కొత్త రూపాల హక్కులు వేరే ప్రశ్న. తొలితరం తెలుగు చిత్రాలకు ప్రతులను పోల్చి, తేడాలను పట్టికగా చూపి, విమర్శనాత్మక పాఠాలు సిద్ధం చేసే అవకాశం దీనివల్ల మన శాఖలకు కలిగింది. పాటల పుస్తకాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, సెన్సారు పత్రాల్లోని నిడివి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వద్ద ఉన్న ప్రతులు ఈ పనికి సాక్ష్యాలు. అయితే సాక్ష్యాలు శాశ్వతం కావు. తాళపత్రానికి చెదలు ఎంతటి శత్రువో, ఫిల్ముకు తేమ అంతటి శత్రువు. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారు గనుక ఆ కథ మనకు పూర్తిగా అందింది. శిథిలమైన సినిమా రీలును ఎవరూ ఆ విధంగా తిరిగి రాయలేరు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. అభిమాన పునఃకూర్పులు సంక్షేపం, పునరుద్ధరణ, మేళనం అని మూడు రకాలు. వీటిలో పునరుద్ధరణ పద్ధతిరీత్యా పాఠపరిష్కరణకు సన్నిహితం.

2. ‘సూపర్‌మ్యాన్ 2’కు థియేటర్ పాఠం, టెలివిజన్ పాఠాలు, అభిమానుల పాఠాలు, 2006 పాఠం ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ఏకకర్తృకం కాదు.

3. కర్త ఉద్దేశం కాలంతోపాటు మారుతుంది. ‘దర్శకుడి పాఠం’ అన్న పేరే ప్రామాణికతకు హామీ కాదు.

4. మార్పుల పట్టిక ఉండడమే పునఃకూర్పును విమర్శనాత్మక పాఠంగా నిలబెట్టే గీటురాయి.

5. సినిమా పరిశోధనలో వాడిన ప్రతి వివరం, దాని నిడివి, లభించిన స్థలం పేర్కొనడం నియమం కావాలి.

ఫిల్ము నిల్వ ఉంది కాబట్టి డానర్ ముప్పై ఏళ్ల కిందటి పని మళ్లీ వెలుగు చూసింది. ఏదో ఒక రాత్రి క్యాసెట్ మీద ప్రసారాన్ని రికార్డు చేసుకొన్న ప్రేక్షకులు లేకపోతే, అలాంటి పని ఒకటి ఉందన్న గుర్తు కూడా చాలామందికి మిగిలేది కాదు. మన తొలితరం చిత్రాలను చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఏ దృశ్యం ఉండేదో, ఏ పాట పోయిందో చెప్పగలిగినవారిని అడిగి నమోదు చేసుకోవడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.